రివర్ ఇండీ: సామాను మోసేవాళ్ల కోసం గీసిన స్కూటర్

నేను బెంగళూరులో వాటర్ ప్యూరిఫయర్లు రిపేరు చేస్తాను. సొంతూరు హిందూపురం. రోజూ కేఆర్ పురం, మహదేవపుర, వైట్‌ఫీల్డ్ మధ్యే తిరుగుడు. ఇక్కడి బోరు నీళ్లకు మెంబ్రేన్లు, అంటే నీటిని వడగట్టే పలుచటి పొరలు, తొందరగా పాడైపోతాయి కాబట్టి పనికి లోటు లేదు. లోటల్లా బండి మీద చోటుకే. సెడిమెంట్ ఫిల్టర్లు, కార్బన్ ఫిల్టర్లు, మెంబ్రేన్లు, బూస్టర్ పంపు, అడాప్టర్లు, పైపు చుట్ట, స్పానర్లు, నీటిలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు, ఇవన్నీ వెంట ఉండాల్సిందే. ఒక్కటి ఇంట్లో మర్చిపోతే ఆ కస్టమర్ ఇంటికి మళ్లీ వెళ్లాలి, ఆ రోజు కూలి సగం పోయినట్టే. అందుకే స్కూటర్ కొనేటప్పుడు నేను మొదట అడిగేది ఎంత స్పీడు పోతుందని కాదు, ఏమేం పడుతుందని.

ఆ ప్రశ్నకు నాకు నచ్చిన జవాబు చెప్పిన బండి రివర్ ఇండీ అనే ఎలక్ట్రిక్ స్కూటర్. రివర్ బెంగళూరు కంపెనీయే. అరవింద్ మణి, విపిన్ జార్జ్ కలిసి పెట్టారు. ఇండీని 2023 ఫిబ్రవరిలో 1.25 లక్షల ఎక్స్ షోరూం ధరతో విడుదల చేశారు. ఆ తర్వాత ధర పెరిగింది. 2024లో యమహా కూడా ఈ కంపెనీలో పెట్టుబడి పెట్టింది. దీన్ని కంపెనీవాళ్లు స్కూటర్లలో ఎస్‌యూవీ అంటారు. ఆ పేరు సంగతి ఎలా ఉన్నా, గీసినవాళ్లు పని చేసుకునే మనిషిని దృష్టిలో పెట్టుకుని గీశారని మాత్రం నాకు గట్టిగా అనిపించింది.

సీటు కింద 43 లీటర్ల చోటు. ముందు తాళం వేసుకునే గ్లవ్ బాక్స్ మరో 12 లీటర్లు. మామూలు పెట్రోలు స్కూటర్లలో సీటు కింద ఇంత చోటు దొరకదు. ఎలక్ట్రిక్ బండికి ఇంజను, పెట్రోలు ట్యాంకు, సైలెన్సరు ఉండవు కదా, ఆ మిగిలిన చోటును ఏం చేయాలన్నది డిజైనర్ చేతిలో ఉంటుంది. చాలా కంపెనీలు అక్కడ బండిని సన్నగా, పదునుగా చేయడానికి చూశాయి. వీళ్లు మాత్రం సామానుకు ఇచ్చారు. నా ఫిల్టర్లు, పంపు, పైపు చుట్ట అన్నీ సీటు కిందే పడతాయి. స్పానర్లు, మీటరు, బిల్లు బుక్కు గ్లవ్ బాక్సులోకి. కస్టమర్ గేటు దగ్గర సీటు లేపకుండానే మీటరు తీసుకుని లోపలికి వెళ్లిపోవచ్చు. రోజుకు పది గేట్ల ముందు ఆగే మనిషికి ఇది చిన్న సుఖం కాదు. సీటు కింద గొయ్యి లోతెక్కువ కాబట్టి చిన్న కనెక్టర్లు, ఓ రింగులు అడుగుకు పోతాయి. మూతలున్న ప్లాస్టిక్ డబ్బాల్లో సర్దుకుంటే సరిపోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది ముందు ఫుట్ పెగ్గులు. బైకులకు ఉన్నట్టు కాళ్లు ముందుకు చాపి పెట్టుకునే పెగ్గులు ఒక స్కూటర్‌కు ఎందుకని మొదట చాలామంది అడుగుతారు. కొత్త ప్యూరిఫయర్ అట్టపెట్టె ఫుట్‌బోర్డు మీద పెట్టుకుని ఒక్కసారి ఓల్డ్ మద్రాస్ రోడ్డులో వెళ్తే ఆ ప్రశ్న ఉండదు. పెట్టె ఉంటే కాళ్లకు చోటుండదు. ఇన్నాళ్లూ మనం ఏం చేశాం? మడమలు అంచున ఆనించి, మోకాళ్లు బయటికి పెట్టి, పక్కనుంచి ఆటో వస్తే ఒళ్లంతా టెన్షన్ పడుతూ నడిపాం. పాలు పోసేవాళ్లు, గ్యాస్ సిలిండర్లు తెచ్చేవాళ్లు, కూరగాయల మూటలు మోసేవాళ్లు, అందరూ అంతే. ఈ దేశంలో స్కూటర్ ఫుట్‌బోర్డు అంటే సామాను పెట్టే చోటు. అది అందరికీ తెలిసిందే అయినా, ఆ సామాను వెనక మనిషి కాళ్లు ఎక్కడ పెట్టాలో ఆలోచించి బండి చేసినవాళ్లు ఎంతమంది? వెనక రెండు పక్కలా గట్టి కడ్డీలు కూడా ఇచ్చారు, పక్క పెట్టెలు తగిలించుకోవడానికి. బయట మెకానిక్ దగ్గర వెల్డింగు పెట్టించుకునే బాధ లేదు.

ఇక చక్రాలు. ముందూ వెనకా 14 అంగుళాలు. ఎలక్ట్రిక్ స్కూటర్లలో ఎక్కువగా కనిపించేవి 12 అంగుళాల చక్రాలు. చక్రం చిన్నదైతే గుంతలోకి ఎక్కువ దిగుతుంది, అవతలి అంచును నిటారుగా కొట్టుకుంటుంది, ఆ దెబ్బ నేరుగా నడుముకు వస్తుంది. పెద్ద చక్రం అదే గుంతను ఏటవాలుగా ఎక్కేస్తుంది. వర్షాకాలంలో మహదేవపుర లోపలి రోడ్లు చూసినవాళ్లకు నేను ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఒక పంపు అడాప్టర్ లోపల టంకం ఊడిపోవడానికి రోజూ తినే కుదుపులు చాలు. ఇండీలో సామాను కూడా స్థిమితంగా వస్తుంది. మోటారును వెనక చక్రం లోపల పెట్టకుండా బండి మధ్యలో పెట్టారు. దానివల్ల చక్రం మీద బరువు తగ్గి సస్పెన్షన్ పని తేలికవుతుంది.

బ్యాటరీ 4 కిలోవాట్ అవర్. ఎకో, రైడ్, రష్ అని మూడు మోడ్లు. టాప్ స్పీడు గంటకు 90 కిలోమీటర్లు, అంత అవసరం నాకెప్పుడూ రాలేదు. విడుదలప్పుడు ఒకసారి ఛార్జి చేస్తే ఎకోలో 120 కిలోమీటర్లు వస్తుందన్నారు. నిండా సామానుతో, రైడ్ మోడ్‌లో, ట్రాఫిక్‌లో నాకు తొంభై దాకా వస్తోంది. నా రోజు పనికి అది మిగులే. రాత్రి మామూలు ప్లగ్గుకు పెడితే 5 గంటల్లో 80 శాతం ఎక్కుతుందని కంపెనీ లెక్క. పూర్తిగా ఎక్కడానికి సుమారు 5 యూనిట్లు అనుకోండి. పెట్రోలు బంకులో రోజూ ఇచ్చిన డబ్బు గుర్తుంటే ఈ బిల్లు చూసి ప్రాణం లేచి వస్తుంది.

అయితే బ్యాటరీ బయటికి తీసేది కాదు. ఇది బాగా ఆలోచించుకోవాల్సిన విషయం. మూడో అంతస్తులో అద్దెకుండి, కింద పార్కింగులో ప్లగ్గు లేకపోతే ఈ బండి మీకు పనికిరాదు. మా ఇంటి ఓనర్ ముందు ఒప్పుకోలేదు. సబ్ మీటరు పెట్టించి, ఆ యూనిట్ల డబ్బు నెలనెలా విడిగా ఇస్తానన్న మీదట సరేనన్నారు. కొనే ముందే ఈ మాట తేల్చుకోండి.

రెండోది బరువు. దాదాపు 140 కిలోలు. కదిలేటప్పుడు తెలియదు, ఇరుకు సందులో సామానుతో వెనక్కి లాగేటప్పుడు తెలుస్తుంది. రివర్స్ మోడ్ ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే సాయంత్రానికి భుజాలు పడిపోయేవి. సీటు ఎత్తు 770 మిల్లీమీటర్లే కావడంతో నాలాంటి పొట్టివాళ్లకు కాళ్లు నేలకు ఆనతాయి. మా ఆవిడ కూడా ధైర్యంగా నడుపుతుంది.

చూడ్డానికి ఇండీ కాస్త మొరటుగా ఉంటుంది. రెండు పెద్ద చదరపు హెడ్‌లైట్లు, పక్కన క్రాష్ గార్డులు, లావు ఒళ్లు. నాకు నచ్చింది. ఏదీ అలంకారం కోసం పెట్టినట్టు లేదు. క్రాష్ గార్డులు కంపెనీ నుంచే రావడం మంచి పని, గేట్ల దగ్గర, లిఫ్టు పక్కన ఎవరో ఒకరు బండి తోస్తూనే ఉంటారు కదా.

ఏథర్ కంపెనీ ఎలక్ట్రిక్ స్కూటర్ రిజ్తా కూడా చూశాను. 2024లో వచ్చింది, కుటుంబాలకు చాలా మంచి బండి. సీటు కింద 34 లీటర్లు, ముందు అదనంగా కొనుక్కుంటే 22 లీటర్లు. లెక్కకు రెండూ దగ్గర దగ్గరే. తడి రోడ్డు మీద చక్రం జారకుండా చూసే స్కిడ్ కంట్రోల్ దానిలో ఉంది, సీటు వెడల్పు, పిల్లల్ని బడికి దింపేవాళ్లకు నేను దాన్నే చెబుతాను. కానీ చక్రాలు 12 అంగుళాలు, ముందు పెగ్గులు లేవు. నా పనికి ఆ రెండూ కావాలి.

మీదీ సామాను మోసే పనే అయితే టెస్ట్ రైడ్‌కు ఖాళీ చేతులతో వెళ్లకండి. రోజూ మోసే సంచి, పెట్టె తీసుకెళ్లి సీటు కింద పెట్టి చూడండి, ఫుట్‌బోర్డు మీద పెట్టి నడపండి. షోరూం ముందున్న నున్నటి రోడ్డు మీద కాదు, పక్క సందులో గుంతలున్న చోట.