24 వోల్టుల బ్రష్ మోటర్ కంట్రోలర్: 4 నెలలు వాడాక

మా వాడి చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్‌కి 24 వోల్టుల 250 వాట్ల బ్రష్ మోటర్ (లోపల తిరిగే భాగానికి బ్రష్‌లనే కార్బన్ ముక్కల ద్వారా కరెంటు అందే రకం) ఉంది, ఇంతకుముందు దానికి ఒట్టి స్విచ్చే, నొక్కితే ఒక్క దూకు దూకేది, చైన్ రెండుసార్లు ఊడింది కూడా. సరే అని పేరూ ఊరూ లేని ఈ అల్యూమినియం డబ్బా కంట్రోలర్, అంటే యాక్సిలరేటర్‌ని బట్టి మోటర్ స్పీడ్ మార్చేది, తెప్పించి బిగించా.

స్టార్టింగ్ మాత్రం వెన్నలా ఉంది, అందులో పేరు పెట్టేది లేదు. లోపల మాస్ఫెట్‌లు అనే ఎలక్ట్రానిక్ స్విచ్చులు కరెంటుని సెకనుకి వేలసార్లు ఆన్ ఆఫ్ చేస్తుంటాయి, సగం టైమ్ ఆన్‌లో ఉంటే మోటర్‌కి సగటున 12 వోల్టులు అందినట్టు. రెసిస్టర్ పెట్టి స్పీడ్ తగ్గిస్తే బోలెడు పవర్ వేడి కిందే పోతుంది, ఇందులో ఆ బాధ లేదు. చిన్న స్పీడ్‌లో సన్నగా కూత వస్తుంది, నాకు పర్లేదు గానీ మా ఆవిడకి చిరాకు.

డబ్బా మీద వాట్లు చూసి మాత్రం కొనకండి, కరెంట్ లిమిట్, అంటే ఎన్ని ఆంపియర్లు దాటనివ్వదో, అది చూడండి. 250 వాట్లంటే 24 వోల్టుల దగ్గర పదిన్నర ఆంపియర్లు, కానీ తిరిగే మోటర్ తనే ఎదురు వోల్టేజ్ పుట్టించి కరెంటుని తగ్గిస్తుంది, ఆగి ఉన్నది పుట్టించదు కదా, కదలడం మొదలెట్టేటప్పుడు దానికి ఎన్నో రెట్లు లాగేస్తుంది, లిమిట్ లేకపోతే బ్రష్‌లో మాస్ఫెట్‌లో ఏదో ఒకటి పోతుంది. ఎత్తు మీద మెల్లగా ఎక్కించినప్పుడే ఈ కంట్రోలర్ బాగా వేడెక్కింది, ఎందుకంటే అప్పుడు బ్యాటరీ ఇచ్చే కరెంటు కన్నా మోటర్‌లో తిరిగే కరెంటే ఎక్కువ ఉంటుంది.

ఇక అసలు కోపం. యాక్సిలరేటర్‌కి మూడు వైర్లు, 5 వోల్టులది ఒకటి, నల్లది (గ్రౌండ్, అంటే మైనస్), ఎంత తిప్పామో కంట్రోలర్‌కి చెప్పే సిగ్నల్ వైరు. వదిలేస్తే సిగ్నల్ 0.8 వోల్టు దగ్గర, పూర్తిగా తిప్పితే 4 దగ్గర ఉంటుంది. మొన్న బండి స్టాండ్ మీద ఉండగా హ్యాండిల్ దగ్గర నల్ల వైరు తెగింది, అంతే, ఎవరూ ముట్టుకోకుండానే చక్రం ఫుల్ స్పీడ్‌లో తిరిగింది!! నల్ల వైరు లేకపోతే సిగ్నల్ 5 వైపుకి లేస్తుంది, ఈ కంట్రోలరేమో ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చారనుకుంటుంది. బుద్ధున్న కంట్రోలర్ అయితే సిగ్నల్ అంత పైకి పోతే ఏదో తేడా ఉందని ఆపేస్తుంది. పిల్లాడు దాని మీద ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

బ్రేక్ లివర్ వైరు కంట్రోలర్‌కి కలిపి ఉంది కాబట్టి నొక్కగానే ఆగింది. కానీ మాస్ఫెట్ షార్ట్ అయితే, అంటే పాడై ఆన్‌లోనే ఉండిపోతే, ఆ బ్రేక్ సిగ్నల్ కూడా పనిచెయ్యదు, బ్యాటరీ వైరు తెంచాల్సిందే, అందుకని చేతికందేలా డీసీకి సరిపోయే పెద్ద స్విచ్చు, దాని ముందు ఫ్యూజు పెట్టేశా. కొన్నవాళ్ళు మొదటిరోజే చక్రం పైకి లేపి, వేళ్ళు దూరంగా పెట్టుకుని, ఆ నల్ల వైరు ఊడదీసి చూడండి. నాది రిటర్న్ గడువు దాటిపోయింది, లేకపోతే ఆరోజే వెనక్కి పంపేవాణ్ణి. 5కి 2 స్టార్లు, అవీ ఆ స్టార్టింగ్ కోసం.