చిన్నప్పటి ఉబ్బసం 29 ఏళ్లకు తిరిగొచ్చింది: 11 ఏళ్ల ఇన్‌హేలర్ వాడకం

చిన్నప్పుడు చలికాలం వస్తే తెల్లవారుజామున మూడింటికి నాకు పిల్లికూతలు మొదలయ్యేవి. అమ్మ నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి తెల్లారేదాకా వీపు రాసేది. మృగశిర కార్తెకు హైదరాబాద్ తీసుకెళ్లి వరసగా మూడేళ్లు చేపమందు వేయించారు. కొరమేను పిల్ల గొంతులో కదులుతూ దిగడం ఇప్పటికీ గుర్తే. 14 ఏళ్లకు ఆయాసం పోయింది. ఇక రాదనుకున్నాం. చాలామంది పిల్లలకు ఆ వయసులో దానంతట అదే నెమ్మదిస్తుందని, కొందరికి పెద్దయ్యాక తిరగబెడుతుందని మాకెవరూ చెప్పలేదు.

బాబు పుట్టిన ఏడాది ఇంటికి రంగులు వేయిస్తుంటే మళ్లీ పట్టుకుంది. ఆరు నెలలు ఆయాసాన్ని అప్పటికప్పుడు తగ్గించే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఒక్కటే వాడాను. రెండు పఫ్‌లు పీలిస్తే ఐదు నిమిషాల్లో ఛాతీ తేలికయ్యేది, అందుకే దాన్నే నమ్ముకున్నాను. నెలకో డబ్బా అయిపోయేది. ఏడాదికి మూడు దాటితేనే జాగ్రత్తపడాలని డాక్టర్ చెప్పాక భయమేసింది. ఆ మందు బిగుసుకున్న శ్వాస గొట్టాలను వదులు చేస్తుంది గానీ లోపలి వాపును తగ్గించదు.

అప్పటినుంచి వాపు తగ్గించే స్టెరాయిడ్ బుడెసొనైడ్, గొట్టాలను వదులు చేసే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం) రోజూ రెండు పూటలా వాడుతున్నాను. ఊపిరి ఎంత వేగంగా వదలగలమో కొలిచే పీక్ ఫ్లో మీటర్‌ను మొదటి రోజు ఊదితే నిమిషానికి 240 లీటర్లు. మూడు నెలలకు 370. రాత్రిళ్లు నిద్ర పట్టింది, నాకు అంతకన్నా ఏం కావాలి! కానీ ఆ ముల్లు 380 ఎప్పుడూ దాటలేదు. చిన్నప్పుడు ఉబ్బసం తీవ్రంగా ఉంటే ఊపిరితిత్తుల్లో ఆ లోటు ఉండిపోవచ్చట. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 1964లో ఏడేళ్ల పిల్లలతో మొదలుపెట్టి, వాళ్లకు 50 ఏళ్లు వచ్చేదాకా గమనించిన అధ్యయనంలోనూ అదే కనిపించింది.

ఇబ్బందులూ ఉన్నాయి. నోరు పుక్కిలించకుండా పడుకుంటే నాలుక మీద తెల్లటి పూత వచ్చింది, గొంతు బొంగురుపోయింది. స్పేసర్‌ను సబ్బునీళ్లలో కడిగి అలాగే ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే మందు ప్లాస్టిక్‌కే అంటుకుపోతుంది. నేను రెండేళ్లు తుడిచాను. ఒకసారి బాగానే ఉంది కదా అని రెండు నెలలు మానేసి, అర్ధరాత్రి మందును పొగమంచులా పీల్పించే నెబ్యులైజర్ కోసం ఆసుపత్రికి పరిగెత్తాను. ఇంకెప్పుడూ మానలేదు.

బాబుకూ ఆరేళ్లప్పుడు రాత్రి దగ్గు, పిల్లికూతలు మొదలయ్యాయి. డాక్టర్ బుడెసొనైడ్ రాస్తే, "అలవాటైపోతుందేమో, ఎత్తు పెరగడేమో" అని అత్తయ్య భయపడ్డారు. అమెరికాలో ఏళ్ల తరబడి గమనిస్తే, అది వాడిన పిల్లలు పెద్దయ్యాక వాడనివాళ్లకన్నా సగటున 1.2 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారు. తెల్లవార్లూ గోడకు ఆనుకుని కూర్చున్నదాన్ని, నాకు అదో లెక్క కాదు. ఇప్పుడు వంటింటి గూట్లో రెండు స్పేసర్లు ఉన్నాయి. నిరుడు చలికాలంలో వాడు ఆయాసంతో బడికి ఒక్కరోజు కూడా మానలేదు.