బ్యాంకాక్ నుంచి సింగపూర్ దాకా నేల మీదే: రైలు రివ్యూ, మన నెల్లూరోళ్ళ కోసం

ముందే చెప్పేస్తా, టికెట్ రేట్లు మాత్రం పక్కపక్కన పెట్టి చూస్తే బ్యాంకాక్ నుంచి కౌలాలంపూర్‌కి (కేఎల్) రైలుకీ ఫ్లైటుకీ పెద్ద తేడా ఉండదు, ముందుగా బుక్ చేసుకుంటే ఒక్కోసారి ఫ్లైటే చీప్ పడుద్ది. అయినా నా ఓటు రైలుకే. ఎందుకో కింద లెక్క రాశా, నచ్చకపోతే ఫ్లైటెక్కేయండి, నాకేం కమీషన్ రాదు.

మా బావ అయితే "రెండు గంటల్లో పోయేదానికి రాత్రంతా రైల్లో పడుకోని మళ్ళీ పగలంతా రైలేందిరా సామీ" అన్నాడు. లెక్క ఇది బావా. ఫ్లైట్ టికెట్‌లో బ్యాగు ఉండదు, చేతి సంచీ 7 కిలోలు దాటితే ఎక్స్‌ట్రా. కేఎల్‌లో దిగినాక ఎయిర్‌పోర్టు ఊరికి చానా దూరం, ఎక్స్‌ప్రెస్ ట్రైనే 55 రింగిట్లు (మలేషియా డబ్బు), బస్సయితే తగ్గుద్ది గానీ టైం పడుద్ది. దీనిపైన ఆ రాత్రికి రూము. రైలయితే రూము ఖర్చు లేదు, బ్యాగు ఎవరూ తూకం వెయ్యరు, దిగేది ఊరి నడిమధ్యలో. అన్నీ కలుపుకుంటే రైలే మిగులు.

నెల్లూరు నుంచి బయల్దేరేవాళ్ళకి దారి ఈజీ. పినాకినో ఇంకోటో పట్టుకోని చెన్నై సెంట్రల్‌లో దిగితే ఆడ్నించి మెట్రో బ్లూ లైన్ నేరుగా ఎయిర్‌పోర్టుకే పోద్ది, ఆటోల బేరాలు లేవు. బ్యాంకాక్‌లో చీప్ ఫ్లైట్లు ఎక్కువగా డాన్ మ్యూయాంగ్‌లో దిగుతాయి, ఆడ రెడ్ లైన్ స్టేషన్ ఉంది, ఆ లైన్ చివరి స్టేషన్ క్రుంగ్ థెప్ అపివత్, మన రైలు ఎక్కాల్సింది కూడా ఆడే. పాత వీడియోలు చూసి హువా లంఫాంగ్ స్టేషన్‌కి పోబాకండి, దూరం పోయే రైళ్ళన్నీ 2023 జనవరి 19 నుంచి ఈ కొత్త స్టేషన్‌కి మార్చేశారు. ఉండేదానికి మాత్రం హువా లంఫాంగ్, చైనా టౌన్ వైపే మేలు, 300 బాత్ (థాయ్ డబ్బు) అటు ఇటుగా డార్మ్ బెడ్ దొరుకుద్ది, రైలెక్కే రోజు బ్యాంకాక్ మెట్రో బ్లూ లైన్‌లో మారే పని లేకుండా బాంగ్ స్యూలో దిగితే కొత్త స్టేషన్ పక్కనే. ఊళ్ళో తిరిగేదానికి నదిలో ఆరెంజ్ జెండా బోటు బో సుఖం, టికెట్ 16 బాత్, ట్రాఫిక్ లేదు, గాలి తగులుతా ఉంటది, గుళ్ళన్నీ ఒడ్డునే. తిండి సంగతి ఏందంటే, చేపల పులుసు తిని పెరిగినోళ్ళకి చేప కొత్త కాదు గానీ ఆడ కూరగాయల వేపుడులో కూడా ఫిష్ సాస్ పోస్తారు. శాకాహారులయితే పసుపు జెండా మీద ఎర్రక్షరాలతో "జే" అని ఉండే బండ్లు వెతుక్కోండి, అది పక్కా వెజ్.

ఇంక అసలు రైలు. నంబర్ 45, స్పెషల్ ఎక్స్‌ప్రెస్, సాయంత్రం నాలుగు దాటాక కదులుద్ది, తెల్లారి ఎనిమిది ప్రాంతంలో బోర్డర్‌లో పాదాంగ్ బెసార్ చేరుద్ది. సెకండ్ క్లాస్ ఏసీ స్లీపర్, వెయ్యి బాత్ అటు ఇటు. మన రైళ్ళలో లాగా అడ్డంగా ఆరు బెర్తులు ఉండవు, నడిచే దారికి రెండు వైపులా పొడుగ్గా, అంటే పెట్టె మొత్తం సైడ్ లోయర్లు సైడ్ అప్పర్లే అనుకోండి, కాకపోతే మన సైడ్ బెర్త్ మాదిరి కాళ్ళు ముడుచుకోవాల్సిన పన్లేదు. చీకటి పడేటప్పుడు ఒకాయన వచ్చి ఎదురెదురు సీట్లు లాగి, పరుపేసి, ఉతికిన దుప్పటి పరిచి, కర్టెన్ తగిలించి పోతాడు, మనం పక్కన నిలబడి చూస్తా ఉండటమే. రైలు మీటర్ గేజ్, ఊగుతా పోద్ది, నాకది నిద్ర మందు.

లోయర్‌కీ అప్పర్‌కీ రేటు తేడా కొంచెమే, ఆ కొంచెం దగ్గర పిసినారితనం చెయ్యొద్దు. లోయర్ వెడల్పు, కిటికీ ఉంటది. అప్పర్‌లో కిటికీ లేదు, పైన లైటు రాత్రంతా కొడతా ఉంటది. ఏసీ ఎక్కడా తగ్గించరు, ఉగాది ఎండలకి అలవాటు పడిన ఒళ్ళు కదా, స్వెటరో మందం షర్టో బ్యాగులో పైనే పెట్టుకోండి. ఇంకోటి, థాయ్ రైళ్ళల్లో మందు 2014 నుంచి బ్యాన్, గ్యాంగ్‌గా పోయేవాళ్ళు గుర్తు పెట్టుకోండి.

పొద్దున్నే హాత్ యాయ్‌లో రైలు రెండు ముక్కలవుద్ది. ఎక్కువ పెట్టెలు సుంగై కోలోక్ వైపు పోతాయి, బోర్డర్‌కి వచ్చేది చివర్లో కొన్ని పెట్టెలే. కబుర్లకని వేరే పెట్టెలో కూర్చోనుంటే ఆ టైంకి మీ సీటుకి వచ్చేయండి, లేకపోతే బ్యాగు మలేషియాకీ మీరు ఇంకో మూలకీ.

పాదాంగ్ బెసార్ నాకు నచ్చినంతగా ఏ బోర్డరూ నచ్చలా. ఒకటే స్టేషన్, ఒకటే బిల్డింగ్, ఒక కౌంటర్‌లో థాయిలాండ్ వాళ్ళు ఎగ్జిట్ స్టాంప్ కొడతారు, పక్కనే మలేషియా వాళ్ళు ఎంట్రీ కొడతారు. అయిపోయినాక పైన క్యాంటీన్‌లో కాఫీ తాగొచ్చు. ఒకటే మెలిక, మలేషియా టైం థాయిలాండ్ కన్నా గంట ముందు, మీ రైలు ఎనిమిదికి చేరితే ఆడ అప్పటికే తొమ్మిది. కేఎల్ పోయే మలేషియా రైలు ఈటీఎస్ బుక్ చేసేటప్పుడు ఇది లెక్కేసుకోని, రైలు లేటయినా ఇబ్బంది లేకుండా రెండు గంటలు అదనంగా పెట్టుకోండి. ఈటీఎస్ కరెంటు రైలు, 140 స్పీడు, ఐదు గంటల పైన కొంచెం. వీకెండ్లు, వాళ్ళ స్కూలు సెలవులు వస్తే సీట్లు ఉండవు, కాబట్టి ముందు ఈటీఎస్ చూసుకోని ఆ తర్వాత థాయ్ టికెట్ కొనండి. కొంచెం రింగిట్లు బ్యాంకాక్‌లోనే మార్చుకోండి.

కేఎల్ గురించి ఎక్కువ చెప్పను, అందరూ రాసిందే. సెంట్రల్ స్టేషన్ బయటే బ్రిక్‌ఫీల్డ్స్ అనే మన ఇండియన్ల ఏరియా, అరిటాకు భోజనం, రసం, అప్పడం, నాలుగు రోజులు నూడుల్స్ తిన్న నోటికి ప్రాణం లేచొస్తది. బటు కేవ్స్‌కి లోకల్ ట్రైన్ గుడి దగ్గరే దింపుద్ది, మెట్లు 272, ఎండెక్కకముందే పోండి.

కేఎల్ నుంచి సింగపూర్ బోర్డర్‌లో ఉండే జొహోర్ బారుకి టీబీఎస్ బస్టాండులో బస్సులు బోలెడు. నేరుగా సింగపూర్ బస్సులూ ఉన్నాయి గానీ రెండు దేశాలని కలిపే కాజ్‌వే రోడ్డు మీద సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అంతే సంగతులు. దీనికి మందు షటిల్ తెబ్రావ్ రైలు. జొహోర్ బారు నుంచి సింగపూర్ వైపు వుడ్‌లాండ్స్‌కి ఐదంటే ఐదు నిమిషాలు, నీళ్ళ మీదుగా పోతా పక్కన లైన్లలో నిలబడిన బండ్లు చూడొచ్చు. దీని టికెట్ సంగతే నాకు నవ్వొచ్చేది. మలేషియా వైపు ఎక్కితే 5 రింగిట్లు, సింగపూర్ వైపు ఎక్కితే 5 డాలర్లు, అదే రైలు అదే దూరం, రేటు మాత్రం మూడింతల పైనే! కాబట్టి ఇటు నుంచి అటే పోండి. సీట్లు చానా ముందే అయిపోతాయి, యాప్‌లో కన్నేసి ఉంచండి. వుడ్‌లాండ్స్‌లో దిగినాక పక్కనే ఎంఆర్‌టీ (సింగపూర్ మెట్రో) ఉండదు, సిటీ బస్సెక్కి క్రాంజీ స్టేషన్‌కి పోవాలి, ట్యాప్ చేసే మన బ్యాంకు కార్డే బస్సులో కూడా పనిచేస్తది.

కాగితాల విషయంలో జాగ్రత్త. థాయిలాండ్, మలేషియా వీసా రూల్స్ మారతా ఉంటాయి, పోయే ముందు చూసుకోండి. సింగపూర్‌కి మాత్రం వీసా తప్పదు, ఇండియాలో ఉన్నప్పుడే ఏజెంటు ద్వారా తీసుకోండి, దారిలో అయ్యే పని కాదు. మూడు దేశాలకీ ఆన్‌లైన్‌లో ఎరైవల్ కార్డు నింపాలి, చేరే ముందు మూడు రోజుల లోపల. మూడూ ఫ్రీ. గూగుల్‌లో పైన వచ్చే కొన్ని సైట్లు దీనికి డబ్బులడుగుతాయి, గవర్నమెంట్ సైటు కాకపోతే బయటికి వచ్చేయండి. జేబులో ఖైనీ, గుట్కా, వేప్ ఉంటే నెల్లూరులోనే వదిలేయండి, సింగపూర్ వాళ్ళు అస్సలు ఊరుకోరు.

మార్కులు: థాయ్ స్లీపర్ 5కి 4.5, పాదాంగ్ బెసార్ 5కి 5, ఈటీఎస్ 5కి 4, షటిల్ 5కి 4, అదీ ఇటు నుంచి అటు పోతేనే. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలని తీసుకుపోయేవాళ్ళు, వారం సెలవు మాత్రమే ఉన్నోళ్ళు ఫ్లైట్ చూసుకోండి. షటిల్ ఎక్కాలని ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యబాకండి, పక్కనే ఆర్‌టీఎస్ లింక్ అని కొత్త మెట్రో కడుతున్నారు, అది నడవడం మొదలైతే ఈ ఐదు రింగిట్ల రైలు ఆపేస్తారంట.