కేప్ మే డేగల లెక్క: తేదీ కాదు, గాలి చూసుకుని వెళ్లండి

పోయినేడు సెప్టెంబర్‌లో ఒక ఆదివారం డేగల్ని చూద్దామని న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరి నుంచి రెండు గంటలకు పైగా డ్రైవ్ చేసి, గార్డెన్ స్టేట్ పార్క్‌వే అయిపోయేదాకా వెళ్లి మేం చూసింది నాలుగంటే నాలుగు రాబందులు. ఉక్కగా ఉంది, దక్షిణం గాలి. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర మాత్రం బ్రహ్మాండం. ఆ రోజే రివ్యూ రాసుంటే ఒక్క స్టారే, అదీ పులిహోరకి.

తప్పు నాదే. న్యూజెర్సీ దక్షిణం కొసన ఉన్న ఈ కేప్ మే పాయింట్ స్టేట్ పార్కులో 1976 నుంచి ఏటా ఫాల్ సీజన్‌లో వలస వెళ్లే డేగల్నీ గద్దల్నీ లెక్కపెడుతున్నారు, సెప్టెంబర్ 1 నుంచి నవంబర్ 30 దాకా. చలి దిగి వాయవ్యం గాలి తోసిందంటే పక్షులు సముద్రం ఒడ్డుకి వచ్చేసి, ఆ ఒడ్డు వెంబడే కిందికి దిగుతాయి. నీళ్లు దాటడానికి వెనకాడే రకాలు కాబట్టి, ముందు డెలావేర్ బే అనే అఖాతం కనబడగానే అన్నీ ఇక్కడే పోగవుతాయి, గరాటులో పోసినట్టు.

అందుకే ఈ అక్టోబర్‌లో, రాత్రి వాన కురిసి చలి దిగిన మర్నాడు, ఆఫీసుకి సెలవు పెట్టి ఒక్కణ్ణే వెళ్లాను. పక్షుల్ని చూసే ప్లాట్‌ఫారం ఎక్కి బ్యాగ్ కింద పెట్టేలోపే షార్పీలు! అసలు పేరు షార్ప్-షిన్డ్ హాక్, పావురమంత డేగ. టపటపా రెక్కలు కొట్టి, కాస్త జారి, మళ్లీ టపటపా. ఒకటైతే ఎంత కిందుగా పోయిందంటే ఛాతీ మీద గోధుమరంగు చారలు ఉత్త కళ్లకే కనిపించాయి, ఈ ఏడు పుట్టిన పిల్ల అన్నమాట. లెక్కపెట్టే అమ్మాయి అడిగినవాటికి జవాబు చెబుతూనే ఉంది, కళ్లు మాత్రం ఆకాశం మీంచి దించదు, చేతిలో క్లిక్కర్ టిక్కు టిక్కుమంటూనే ఉంది.

షార్పీ తోక కొస కత్తిరించినట్టుంటుంది, చూడ్డానికి దానిలాగే ఉండే కూపర్స్ హాక్ అనే డేగది గుండ్రంగా ఉంటుంది, తలా పెద్దదే. వినడానికి తేలికే గానీ, మూడు సెకన్లలో దాటిపోయే పిట్టకి తోక చూడాలంటే టెన్షనే, పదిట్లో ఏడు తప్పు చెప్పాను. చేపల గద్ద నయం, వంగిన రెక్కలు చూసి పోల్చేయొచ్చు. పట్టిన చేపని కూడా తల ముందుకి ఉండేలా పట్టుకుని ఎగురుతుంది.

బైనాక్యులర్స్ సంగతి: నేను ఆన్‌లైన్‌లో చౌకగా వచ్చిందని 12 రెట్లది కొన్నాను, అది నా చేతి వణుకుని కూడా 12 రెట్లు చేసి చూపించింది. పక్కనున్న పెద్దాయన తన ఎనిమిది రెట్లది (8×42) ఇస్తేగానీ నాకు ఆకాశం నిలబడలేదు.

ఎంట్రీ ఫ్రీ. పక్కనే 1859 నాటి లైట్‌హౌస్, 199 మెట్లు, ఎక్కలేదు. నాలుగున్నర స్టార్లు, ఆ అర స్టార్ మెడ నొప్పికి తగ్గించాను. నవంబర్‌లో గోల్డెన్ ఈగల్ ఒకటీ అరా వస్తాయట, మళ్లీ వెళ్లాలి. ఫోన్‌లో ఇప్పుడు క్రికెట్ స్కోరు కన్నా గాలి ఎటు వీస్తోందో ఎక్కువ చూస్తున్నాను.