లెక్కల బుక్కు: ఆరు దసరాలు దాటాక నా సమీక్ష

2020 శ్రావణంలో 40 రూపాయలు పెట్టి 200 పేజీల లాంగ్ బుక్ ఒకటి కొన్నాను. అప్పటినుంచి ఇంట్లోకి వచ్చిన ప్రతి సరుకు ధరా అందులో రాస్తున్నాను. తేదీ, సరుకు, ఎక్కడ కొన్నాం, ఎంత తూకం, ఎంత పడింది. ఐదు గడులు, అంతే. పోయిన దసరా తర్వాత చివరి పేజీ కూడా నిండిపోయింది. పండుగ ఖర్చు కాస్త అదుపులో పెట్టుకుందాం అనుకునేవాళ్లకి ఇది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చెప్తాను.

మాది సరూర్‌నగర్ వైపు. ఇంట్లో ఐదుగురం. అత్తమ్మది వరంగల్ దగ్గర పల్లె కాబట్టి సద్దుల బతుకమ్మకు సత్తుపిండి, మలీద, దసరాకు మటన్, సంక్రాంతికి సకినాలు, ఏదీ వదలం. లాక్‌డౌన్ రోజుల్లో కిరాణా కొట్టాయన ఏది అడిగినా "రేటు పెరిగిందమ్మా" అనేవాడు. ఎంత నుంచి ఎంతకు పెరిగిందో నాకు తెలిసేది కాదు. పోయిన నెల కందిపప్పు ఎంతకు కొన్నావని ఎవరైనా అడిగితే తెల్లమొహం వేసేదాన్ని. ఆ ఉక్రోషంలో కొన్న పుస్తకం ఇది. మావారు అట్ట మీద పెద్దక్షరాలతో 'లెక్కల బుక్కు' అని రాసి వెక్కిరించారు. ఆ పేరే ఖాయమైంది.

మొదటి ఏడాది దీనివల్ల రూపాయి కూడా మిగల్లేదు. ఈ మాట ముందే చెప్పాలి. ఒక పండుగ ధరను ఇంకో పండుగ ధర పక్కన పెట్టి చూడాలంటే రెండు పండుగలు గడవాలి కదా. రెండో దసరా నుంచి అసలు సంగతి తెలియడం మొదలైంది.

అన్నిటికంటే ఎక్కువ నేర్పింది నూనె. పండుగొస్తే నూనె పెరుగుతుందని మనందరి నమ్మకం. నా పేజీలు చూస్తే నూనెకు మన పంచాంగంతో పెద్దగా పని లేదు. 2022 ఉగాదికి ముందు సన్‌ఫ్లవర్ ప్యాకెట్ 200 దరిదాపులకు పోయింది. కారణం ఉగాది కాదు, ఉక్రెయిన్ యుద్ధం. అప్పట్లో మనకొచ్చే సన్‌ఫ్లవర్ నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్, రష్యాలదే. 2024లో వినాయక చవితి అయిన వారానికి, సెప్టెంబర్ 14 నుంచి, ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద మూల దిగుమతి సుంకాన్ని కేంద్రం సున్నా నుంచి 20 శాతం చేసింది. సెస్సులతో కలిపి 27.5 అయింది. సుంకం పెరగకముందే దిగుమతైన నిల్వ అయిపోయేదాకా ఎమ్మార్పీ పెంచొద్దని నూనె కంపెనీల సంఘాలకు కేంద్రం చెప్పింది కూడా. మా కొట్లో మాత్రం నాలుగో రోజుకే ప్యాకెట్ మీద 20 పెరిగింది. బతుకమ్మ ఇంకా మొదలే కాలేదు. ఆ సుంకాన్ని 2025 మే నెలాఖరులో సగం తగ్గించారు. దిగడానికి మాత్రం ధర అంత తొందరపడలేదు.

నూనె దగ్గరే ఇంకో కథ ఉంది. అత్తమ్మ దగ్గర పాత స్టీలు డబ్బా ఒకటుంది. లీటరు ప్యాకెట్ పోస్తే మెడ కింద గీత దాకా వచ్చేది, అదే ఆమెకు కొలత. 2023 సంక్రాంతికి సకినాలు కాల్చబోతూ ప్యాకెట్ మూల కత్తిరించి పోసింది. గీతకు బొటనవేలు మందం కిందే ఆగిపోయింది. "ప్యాకెట్ల ఇంకేమన్న ఉందేమో పిండు బిడ్డా" అంది. పిండాను, చుక్క రాలేదు. కింద కారిందేమోనని గ్యాస్ బండంతా తుడిచి చూశాం. చివరికి ప్యాకెట్ తిప్పితే వెనక ఓ మూల సన్నటి అక్షరాల్లో 850 గ్రాములని ఉంది. లీటరు సన్‌ఫ్లవర్ నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. ప్యాకెట్ సైజు అదే, బొమ్మ అదే, లోపల 60 గ్రాములు మాయం. మోసం అనడానికీ లేదు. ఫలానా సైజుల్లోనే అమ్మాలన్న పాత నిబంధనను 2022లో ఎత్తేశారు. దాని బదులు యూనిట్ ధర, అంటే గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ప్యాకెట్ మీదే వేయాలన్నారు. వేస్తున్నారు కూడా, కళ్లజోడు పెట్టుకుంటే కనిపిస్తుంది.

ఆ సాయంత్రమే పుస్తకంలో ఆరో గడి గీశాను: కిలోకు ఎంత పడింది. నా దృష్టిలో ఈ పుస్తకం మొత్తానికి విలువైన గడి ఇదే. 850 గ్రాముల ప్యాకెట్ 136, 910 గ్రాములది 142 అనుకోండి. చూడగానే చెయ్యి మొదటిదాని మీదకే పోతుంది. కిలో లెక్కన మొదటిది 160, రెండోది 156. గోధుమపిండి, డిటర్జెంట్, బిస్కెట్లు, అన్నిట్లోనూ ఇదే ఆట. ఈ ఒక్క గడి చాలు, మిగతావి రాయకపోయినా ఫర్వాలేదు.

దీని తర్వాత లాభమంటే కాపు వచ్చే కాలం తెలియడం. పప్పు, మిర్చి, పసుపు, చింతపండు పండుగ చీటీలో రాసుకుని కొనాల్సినవి కావు. కొత్త కంది సంక్రాంతి అయ్యాక మార్కెట్లో నిండుగా ఉంటుంది. మిర్చి ఫిబ్రవరి, మార్చిల్లో గుంటూరు యార్డుకూ, మన వరంగల్ ఎనుమాములకూ పోటెత్తుతుంది. చింతపండు ఎండాకాలం మొదట్లో. మా అమ్మమ్మలకు ఇది పుస్తకం లేకుండానే తెలుసు, ఏడాది సరుకు ఒకేసారి ఎండబెట్టి కుండల్లో పోసేవాళ్లు. మేం టూ బెడ్రూం ఫ్లాటులో ఆరు నెలల సరుకుతో సరిపెట్టుకుంటున్నాం. ఒక ఏడాది అత్యాశకు పోయి 20 కిలోల కందిపప్పు తెచ్చాను. శ్రావణానికల్లా పురుగు పట్టింది. ఆ పేజీలో ఆ లైను కొట్టేసి ఉంటుంది, ఎందుకు కొట్టేశావని ఇంట్లో ఎవరూ అడగరు.

ఇక పుస్తకం నన్ను నట్టేట ముంచిన సంగతి. ఉల్లిగడ్డ. వరుసగా కొన్ని దసరాల పేజీలు చూస్తే దసరా, దీపావళి మధ్య ఉల్లి మండుతుంది, సంక్రాంతికి దిగుతుంది. ఎండాకాలంలో తవ్వి నిల్వ పెట్టిన గడ్డ అప్పటికి అయిపోతుంది, వానాకాలం పంట ఇంకా పూర్తిగా రాదు, ఈ సందులోనే మన పండుగలు పడతాయి. 2020లో, 2023లో ఇదే జరిగింది. ఈ జ్ఞానంతో 2025 ఆగస్టులో మలక్‌పేట గంజ్ హోల్‌సేల్ మార్కెట్‌కి పోయి 50 కిలోల బస్తా తెచ్చాను, మూడిళ్లం పంచుకున్నాం. ఆ ఏడాది ఉల్లి పెరగలేదు సరికదా, కుప్పకూలింది. కర్నూలు రైతుల దగ్గర క్వింటాలు 1200 రూపాయలకు ఆంధ్ర ప్రభుత్వమే కొనాల్సి వచ్చింది. దసరాకు మా గల్లీలో ట్రాలీ ఆటోవాడు మైకు పెట్టి నేను కొన్నదానికంటే తక్కువకే అరుస్తుంటే పక్కింటి వదిన బాల్కనీలోంచి నా వైపు ఓ చూపు చూసింది. మా వాటా గడ్డలకు అప్పటికే మొలకలు. రైతు అవస్థ ముందు నాదేం నష్టం అని సర్దిచెప్పుకున్నాను గానీ, వదిన ఇప్పటికీ "ఈసారి ఏం కొనొద్దో చెప్పు" అంటుంది.

టమాటాతో కూడా అంతే. 2023 జులైలో కిలో 120 పెట్టి పావుకిలోలు కొన్నాం, సెప్టెంబర్‌కి రాయలసీమలో రైతులు రోడ్ల మీద పారబోశారు. రెండు పేజీల తేడా, అంతే. కూరగాయల ధర నిన్నటి పేజీ చూసి చెప్పడం కుదరదు. అందుకే 2024 నుంచి కూరగాయలు రాయడం మానేశాను. ఉమ్మడి రాష్ట్రంలో 1999 గణతంత్ర దినోత్సవం నాడు మొదలైన రైతు బజార్లకు నేటికీ గేటు దగ్గర ధరల బోర్డు ఉంటుంది, దాన్ని ఫోన్లో ఫొటో తీసుకుని లోపలికి పోతాను. మామూలు రోజుల్లో రాత్రి ఏడు దాటాక పోతే మిగిలిన ఆకుకూర బోర్డు కంటే తక్కువకే ఇస్తారు. పండుగ ముందురోజు ఈ చిట్కా పారదు, ఏడింటికి అక్కడ కరివేపాకు రెమ్మలు తప్ప ఏమీ ఉండవు.

పూల దగ్గర పుస్తకం పూర్తిగా ఫెయిల్. వరలక్ష్మీవ్రతం గురువారం చామంతి, దసరా ముందురోజు బంతి, వాటి ధర ఆ గంటది. పండుగ మధ్యాహ్నం దాటితే ఆ పువ్వే అడిగేవాడుండడు. తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పోతే సగానికి వస్తుంది, నిజమే. రానుపోను ఆటో ఖర్చు కలుపుకుంటే వచ్చిన సగమూ అటే పోతుంది. అత్తమ్మ చిన్నప్పుడు చెరువు గట్టున తెంపుకొచ్చిన గునుగు, తంగేడు ఇప్పుడు కట్టకింత అని కొంటుంటే ఆ ధర రాయడానికి నాకే మనసొప్పదు. బతుకమ్మను ఒక వరస చిన్నగా పేర్చడం తప్ప దీనికి ఉపాయం లేదు. కొబ్బరికాయలదీ అదే తంతు.

ఆఫర్ల విషయంలో మాత్రం పుస్తకం గట్టి కాపలాదారు. 2022 దీపావళికి ఒక పెద్ద సూపర్‌మార్కెట్లో బాదం అరకిలో మీద ఎర్ర స్టిక్కర్: పాత ధర కొట్టేసి, 30 శాతం తగ్గింపు. బ్యాగులోంచి పుస్తకం తీసి చూశాను. ఆగస్టులో అదే షాపులో, అదే ప్యాకెట్, ఏ ఆఫరూ లేకుండా 5 రూపాయలు తక్కువకే కొన్నాను. పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లవి వేరే తెలివితేటలు. వస్తువు ధర బాగానే ఉంటుంది, కింద హ్యాండ్లింగ్ అని, డెలివరీ అని, వాన ఛార్జీ అని చేరతాయి. ఇంకో 60 రూపాయలది కొంటే డెలివరీ ఫ్రీ అంటుంది. ఆ 60 రూపాయల కోసం కొన్న పాస్తా సాస్ ఫ్రిజ్‌లో ఎనిమిది నెలలుంది. అప్పటినుంచి యాప్ బిల్లు మొత్తాన్ని రాస్తాను, వస్తువు ధరను కాదు.

2025 బతుకమ్మకు పుస్తకం దర్జాగా పనిచేసింది. ఎంగిలిపూల మర్నాడే, సెప్టెంబర్ 22 నుంచి, నెయ్యి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది కాబట్టి 700 రూపాయల కిలో డబ్బా 656కి రావాలి. మేమెప్పుడూ కొనే షాపులో "పాత స్టాక్ మేడం, పాత రేటే" అన్నారు. పాత ఎమ్మార్పీ ఉన్న డబ్బా అయినా కొత్త పన్నుతోనే అమ్మాలి. వాదించే ఓపిక లేక రెండు రోజులాగి, నాలుగడుగుల అవతల ఉన్న ఇంకో షాపులో 660కి కొన్నాను. ఆ ఏడాది దసరా గాంధీ జయంతి నాడే పడింది, ఆ రోజు మటన్ షాపులు మూత. అక్టోబర్ 1 పేజీలో మటన్ ధర పక్కన 'లైను గంటన్నర' అని కూడా రాసి ఉంది. ఆ గంటన్నరకు ఏ గడిలో ఎంత వేయాలో తెలియలేదు.

మొత్తంగా మిగిలిందెంత అంటే కచ్చితంగా చెప్పలేను. మావారు మాత్రం "పది రూపాయల కోసం నలభై రూపాయల పెట్రోలు కాలుస్తున్నావు" అంటారు, మలక్‌పేట ప్రయాణం గురించి ఆ మాట నిజం కూడా. ఒక్కరే ఉండేవాళ్లకి, నెలకు రెండు కిలోల బియ్యం వండుకునేవాళ్లకి ఇదంతా దండగ, యూనిట్ ధర చూసి కొనుక్కుంటే చాలు. నలుగురైదుగురున్న ఇంటికి, పిండివంటలు ఇంట్లోనే చేసుకునేవాళ్లకి నేను పదికి ఏడు మార్కులిస్తాను. ఉల్లిగడ్డకు ఒకటి, పూలకు ఒకటి, పప్పు పురుగుకు ఒకటి కోత.

ఇప్పుడు సంక్రాంతి చీటీ రాస్తున్నాం. నువ్వులు ఎండాకాలపు పంటప్పుడే తెచ్చి డబ్బాలో పోశాం, ఇంకా బాగున్నాయి. వాము కొనాలి, పల్లినూనె కొనాలి, నానబెట్టిన బియ్యం గిర్నీకి పంపాలి. నిన్న పాతది కొన్న షాపులోనే కొత్త లాంగ్ బుక్ తెచ్చాను. నోటుబుక్కుల మీద పన్ను మొత్తానికే తీసేశారు కాబట్టి ఎంత తగ్గిందో చూద్దామని పాత పుస్తకం మొదటి పేజీ తీశాను. కొత్త పుస్తకం మొదటి పేజీ మొదటి లైను: లాంగ్ బుక్, 200 పేజీలు, 65. అత్తమ్మ పక్కనుంచి చూసి, "పేజీలు లెక్కపెట్టినవా?" అంది. 192 ఉన్నాయి.