ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4: బరంపురం కరెంటుకు ఏది మేలు?

మాది బరంపురంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చిన్న షాపు. ముహూర్తాల రోజుల్లో ఒక్కో పెళ్లికి 300 జీబీ దాకా దిగుతుంది. గాలి కాస్త గట్టిగా వీచిందంటే కరెంటు పోతుంది. అందుకే కొత్త డిస్క్ కొన్నప్పుడల్లా ఇదే టెన్షన్: లైనక్స్‌లో దేంతో ఫార్మాట్ చేయాలి, ఎక్స్‌ఎఫ్‌ఎస్ (XFS) తోనా, ఈఎక్స్‌టీ4 (ext4) తోనా? రెండూ ఫైల్ సిస్టమ్‌లే, అంటే డిస్క్‌లో ఫైళ్లను సర్ది పెట్టే పద్ధతులు.

పట్టుచీరల కొట్టులో మా పెదనాన్న ఏ బేరమైనా ముందు చిట్టాలో రాసేవాడు, రాత్రికి ఆవర్జాలోకి ఎక్కించేవాడు. మధ్యలో ఎవరైనా పిలిచినా లెక్క తప్పేది కాదు. జర్నలింగ్ అంటే ఇదే. ఏ ఫైలు డిస్క్‌లో ఎక్కడుందో చెప్పే వివరాలు మారేటప్పుడు ఆ మార్పు ముందు జర్నల్‌లో పడుతుంది. కరెంటు వచ్చాక డిస్కంతా గాలించకుండా జర్నల్ చదివి సర్దుకుంటుంది.

చిట్టా రెండింటికీ ఉంది, రాసే తీరు వేరు. ఈఎక్స్‌టీ4 మారిన బ్లాకును (డిస్క్‌లో ఒక చిన్న గడి లాంటిది) మొత్తంగా రాస్తుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ మారిన ముక్కలే రాస్తుంది. ఒకే చోట పదిసార్లు మార్పు జరిగితే మెమరీలోనే కలిపేసి ఒక్కసారి రాయగలదు. పైగా డిస్క్‌ను భాగాలుగా విడదీసి, ఒక్కోదానికి ఖాళీ జాగా లెక్క విడిగా పెట్టుకుంటుంది. కొట్లో నాలుగు గల్లా పెట్టెలున్నట్టు. ఒకవైపు కార్డు నుంచి కాపీ, మరోవైపు రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తయారుచేయడం) నడిచినా క్యూ కట్టక్కర్లేదు. 1993లో సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ని మొదలుపెట్టింది కూడా పెద్ద పెద్ద ఫైళ్ల కోసమే.

అయితే చిట్టా ఉంది కదా అని ధీమా పనికిరాదు. ఓసారి కరెంటు పోయి వచ్చాక చూస్తే, అప్పుడే సేవ్ చేసిన ప్రాజెక్ట్ ఫైలుకి పేరుంది, సైజు సున్నా! ఎక్స్‌ఎఫ్‌ఎస్ జర్నల్‌లో ఉండేది వివరాలే, వీడియో కాదు. ఈఎక్స్‌టీ4కి డేటాను కూడా జర్నల్‌లో రాయమని చెప్పవచ్చు, కానీ అదే డేటా రెండుసార్లు రాయాల్సొచ్చి వేగం పడిపోతుంది. యూపీఎస్ కొనడమే చవక.

నా ఓటు వీడియో డిస్క్‌కి ఎక్స్‌ఎఫ్‌ఎస్. సిస్టమ్ ఉన్న చిన్న డిస్క్‌కి మాత్రం ఈఎక్స్‌టీ4, ఎందుకంటే దాన్ని అన్‌మౌంట్ చేసి (వాడకం నుంచి తప్పించి) సైజు కుదించుకోవచ్చు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ని పెంచడం తేలికే, కుదించడం మాత్రం కుదరదనే అనుకోండి. అది తెలియక ఒక ఆదివారమంతా డేటా బయటికి కాపీ కొట్టి, ఫార్మాట్ చేసి, మళ్లీ లోపలికి ఎక్కిస్తూ కూర్చున్నాను.