ముందు విన్నారు, తర్వాతే విప్పారు

విజయవాడ ఆటోనగర్‌లోని ఈ చిన్న ఏసీ షెడ్డుకు ఐదుకు ఐదు మార్కులు వేస్తున్నాను. టీచర్ని, మార్కులు ఊరికే వెయ్యను.

నాది 2016 నాటి పెట్రోలు కారు. రోజూ గుడివాడ వెళ్లి వస్తాను. మే నెల మొదట్లో ఏసీ వేసినప్పుడల్లా డ్యాష్‌బోర్డు లోపల టపటపమని చప్పుడు మొదలైంది. ఒక పెద్ద సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే, ఒక్క నిమిషం విని కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ను నొక్కి పంపే యంత్రం) మార్చాలన్నారు. 28 వేలట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ షెడ్డు పెద్దాయన స్పానర్ ముట్టుకోలేదు. "ఇంజిన్ ఆపి, తాళం మాత్రం తిప్పండమ్మా" అన్నారు. బ్లోయర్, అంటే కారు లోపలికి గాలి కొట్టే ఫ్యాన్, వేయించారు. చప్పుడు వచ్చింది! "కంప్రెసర్ తిరగాలంటే ఇంజిన్ నడవాలి కదమ్మా. అది నిద్రపోతుంటే చప్పుడు ఎక్కడిది?" అన్నారు. బ్లోయర్ మీట ఒకటి నుంచి నాలుగు దాకా తిప్పిస్తే, దానితోపాటే టపటపలూ వేగం పుంజుకున్నాయి. ఇంజిన్ వేసి యాక్సిలరేటర్ తొక్కిస్తే మాత్రం వాటి వేగం మారలేదు. బెల్టు, కంప్రెసర్ చప్పుళ్లయితే ఇంజిన్ వేగంతో మారతాయట. ముప్ఫై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, ఇంత శుభ్రమైన పాఠం అరుదుగా విన్నాను.

గ్లోవ్ బాక్సు తీసి బ్లోయర్ కిందికి దించితే రెక్కల మధ్య గుప్పెడు ఎండు వేపాకు, ఈనెలు! మా ఇంటి ముందు కారు పెట్టేది వేపచెట్టు కిందే. వైపర్ల దగ్గర జాలీలోంచి రాలిన ఆకు లోపలికి పోతుంది. దాన్ని ఆపవలసిన క్యాబిన్ ఫిల్టర్ ఉండే చోటు ఖాళీగా ఉంది. ఎప్పుడో సర్వీసులో తీసినవాళ్లు మళ్లీ పెట్టలేదు. నాకు కోపం వచ్చింది అక్కడే.

కొత్త ఫిల్టర్ 350, కూలి 600. ఇంజిన్ ఆపాక వినిపించే సన్నని బుస్సుమనే శబ్దం గురించి కూడా అడిగాను. లోపలి గ్యాస్ ఒత్తిడి సర్దుకుంటున్న చప్పుడు, దానికి భయపడవద్దన్నారు. దానికి డబ్బు తీసుకునే పని ఏదో ఒకటి చెప్పి ఉండవచ్చు, చెప్పలేదు.

కూర్చోవడానికి ఒకే బల్ల, అదీ ఎండలో. పది గంటల లోపు వెళ్లండి, మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి.